సంపాదించుకోగలడు
పదకొండో వారం

పోయిన వారం యోగితనీ, ఆమె తమ్ముడు సత్యదేవ్‌నీ ప్రభుత్వాసుపత్రి మొదటి అంతస్తు వరండాలో, లోపలినుంచి పిలుపు కోసం చూస్తూ ఉండగా వదిలిపెట్టాం. ఇప్పుడే ఈ కథలోకి వస్తున్నవాళ్ళకి ఇంత చెబితే చాలు. సత్యదేవ్‌కు ముప్పై ఆరేళ్ళు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉండగా స్కిజోఫ్రీనియా వచ్చింది. తండ్రి సుబ్బరాజు కాకినాడ నుంచి వచ్చి సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక కేంద్ర ప్రభుత్వ డిపోలో స్టోర్‌కీపరుగా చేసి, రిటైరై, పోయాడు. ఆయన పెన్షన్ తల్లి నాంచారమ్మకు వచ్చేది. నిరుడు ఆమె కూడా గుండెపోటుతో పోయింది. సొంతంగా బతకలేని బిడ్డ ఉంటే ఆ పెన్షన్ ఆ బిడ్డకు జీవితాంతం ఇవ్వాలని రూలుంది. అందుకు మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. ఆ బోర్డు ముందు సత్యదేవ్ తేదీ చెప్పాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పోయాడు. సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్లన్నీ వరసగా ఒప్పజెప్పాడు. జబ్బు ఉంది, అదుపులో ఉంది, సంపాదించుకోగలడు అని బోర్డు రాసేసింది. దాని మీద యోగిత అప్పీలు చేసింది. ఆ విచారణే ఈరోజు.

సత్యదేవ్ నీలం చొక్కా మీద ఒక్క ముడత లేదు. పొద్దున్న ఆ చొక్కా దగ్గరే యోగితకు మొదటి కోపం వచ్చింది.

బొల్లారంలో ఉండే రిచర్డ్ అంకుల్ నాన్నతో కలిసి పనిచేసిన మనిషి. అప్పీలు రాసిపెట్టింది ఆయనే. "చొక్కా నలిగిందే వెయ్యమ్మా. గడ్డం తియ్యనీకు. మాట్లాడేది వాడు కాదు, నువ్వు. మీ అమ్మలాగా కప్పిపెట్టొద్దు. అన్నీ చెప్పు," అని నిన్న ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. యోగిత సరేనంది. రెజిమెంటల్ బజార్‌లో వాళ్ళుండే మేడమీద వాటాలో, పొద్దున్నే ఉతికిన బట్టల కుప్పలోంచి నీలం చొక్కా తీసి అలాగే తమ్ముడి చేతికిచ్చింది. అతను దాన్ని వేసుకోలేదు. ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళి, చొక్కా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కాఫీ కలిపి వచ్చేసరికి అలాగే ఉన్నాడు. స్నానం చేసి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.

చివరికి ఆమే ఇస్త్రీ చేసింది. ఒక మనిషి శుభ్రంగా కనబడితే జబ్బు లేనట్టేనా? జబ్బుందని నమ్మించడానికి అతన్ని మురికిగా తీసుకెళ్ళాలా? ఇస్త్రీపెట్టెను గుడ్డమీద అవసరమైన దానికన్నా గట్టిగా అదుముతూ ఆమె అదే అనుకుంది.

"సత్యదేవ్ అంటే ఎవలు? జెర లోపలికి రాండ్రి," అని అటెండరు పర్వతాలు తలుపు తీసి పిలిచాడు. పొద్దుటినుంచీ వీళ్ళతో మనిషిలా మాట్లాడింది ఆ తలుపు దగ్గరున్న అతనొక్కడే. యోగిత లేవగానే, "పరేషాన్ గాకమ్మా. పెద్ద డాక్టరమ్మ మంచిదే," అన్నాడు మెల్లగా.

గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ డాక్టర్ షెకీనా, మానసిక వైద్యురాలు, ఈ అప్పీలు బోర్డుకు పెద్ద. ఆమెకు ఎడమవైపున రాసుకోవడానికి సిద్ధంగా ఒక కుర్ర డాక్టరు. కుడివైపు ఉన్నాయన జీవరాజు, పెన్షన్ ఇచ్చే ఆఫీసు తరఫున వచ్చిన అధికారి. మనిషి నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. చాలా విచారణలు చూసి అలిసిపోయిన మొహం.

"కూర్చోండి సత్యదేవ్ గారూ. ఎలా ఉన్నారు?" అంది డాక్టరు.

"బాగున్నానండి. మీరెలా ఉన్నారు?"

యోగిత పళ్ళు కొరుక్కుంది. ఆ మాట అమ్మ నేర్పింది. ఇంటికి ఎవరొచ్చినా నమస్కారం పెట్టాలి, బాగున్నానండి మీరెలా ఉన్నారు అనాలి, లోపలికి వెళ్ళిపోవాలి. ఏళ్ళ తరబడి నూరిపోసింది. చుట్టాల్లో సగంమందికి ఈ పిల్లాడికి ఏమీ లేదని ఇప్పటికీ నమ్మకం.

"రోజంతా ఏం చేస్తుంటారు?"

"పని చేస్తానండి."

"ఏం పని?"

"అబ్జర్వేషన్ అండి."

"దేన్ని చూస్తారు?"

"అన్నిటినీ చూడాలండి. ఎవరో ఒకరు చూడకపోతే కష్టం."

జీవరాజు తల పైకెత్తాడు. "సీసీ కెమెరాలు చూసే పని లాంటిదాండీ?"

"అవునండి," అన్నాడు సత్యదేవ్ మర్యాదగా.

జీవరాజు ఏదో రాసుకున్నాడు. యోగిత ముందుకు వంగింది.

"సార్, అది ఉద్యోగం కాదు. కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడతాడు. పొద్దున్న లేచిందగ్గర్నుంచి. ఎవరో వస్తారని."

"మిమ్మల్ని కూడా అడుగుతాను," అంది డాక్టరు.

"మేడం, ఒక్క మాట. నేను చెప్పేటప్పుడు తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టండి. వాడి ముందు చెప్పేవి కావు."

డాక్టర్ షెకీనా కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "అలా కుదరదమ్మా. ఇది ఆయన కేసు. ఆయన గురించి ఆయన లేనప్పుడు మాట్లాడటం మేం చెయ్యం. వినే హక్కు ఆయనకుంది. మీరు చెప్పింది తప్పయితే తప్పని చెప్పే హక్కు కూడా ఉంది."

మంచి మాటే. మంచి మాట కాబట్టే యోగిత ఇంక పట్టుబట్టలేదు. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. అక్క వైపు చూసి కొంచెం నవ్వాడు.

"ఆయనకి జబ్బుందా లేదా అని మేం అడగట్లేదు," డాక్టరు మళ్ళీ మొదలుపెట్టింది. "అది పాత బోర్డు కూడా ఒప్పుకుంది. తన పని తాను చేసుకోగలడా, నలుగురితో మెలగగలడా, చెప్పింది అర్థం చేసుకుని జవాబివ్వగలడా, ఏదైనా పనిలో నిలబడగలడా. ఇవే చూస్తాం. జాలిపడి రాయలేను. మీరు చూసింది చెప్పండి."

యోగిత చెప్పడం మొదలుపెట్టింది. మెత్తగా మొదలుపెట్టింది. స్నానం చెయ్యమని పదిసార్లు చెప్పాలని, చెప్పినా కొన్ని రోజులు చెయ్యడని చెప్పింది. కుళాయి తిప్పితే నీళ్ళలోంచి మాటలు వినిపిస్తాయంటాడు, అందుకని ఆమే బకెట్లో నీళ్ళు పట్టి పెడుతుంది. తెలిసినాయన జిరాక్స్ షాపులో పనికి పెడితే, వచ్చినవాళ్ళ కాగితాలన్నీ చించి రోడ్డు పక్క మురుగు మోరీలో పడేసి వచ్చాడు. వాటిలో వాళ్ళకు చెడువార్తలు ఉన్నాయని, వాళ్ళు చదవకూడదని అన్నాడు.

"స్నానం మాటకొస్తే మా ఇంట్లో మగపిల్లలూ అంతేనమ్మా," అన్నాడు జీవరాజు. వెక్కిరింపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. "పనిలో గొడవపడి మానేసేవాళ్ళు కూడా బోలెడుమంది ఉంటారు."

"గొడవపడలేదు సార్. వాళ్ళని కాపాడుతున్నాననుకున్నాడు."

"అయుండచ్చు. కానీ చూడండి, పోయిన బోర్డుకి ముందే మా ఆఫీసు తరఫున మీ ఇంటి దగ్గర ఎంక్వయిరీ చేయించాం. చుట్టుపక్కలవాళ్ళు వేరేలా చెప్పారు. ఈయన ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద పనిచేస్తాడు, ఏదో విదేశీ కంపెనీకి, రాత్రిళ్ళు డ్యూటీ కాబట్టి పగలు బయటికి రాడు అని చెప్పారు. ఒకరు కాదు, మేం అడిగినవాళ్ళందరిదీ అదే మాట. మీ ఇంటి ఓనరమ్మతో సహా."

యోగితకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది.

కింది వాటాలో ఉండే ఓనరు అనసూయమ్మ గారు మెట్ల దగ్గర కూరగాయలు తరుగుతూ కూర్చునేది. అమ్మ పాలప్యాకెట్లు పట్టుకుని పైకి వస్తూ అక్కడ ఆగేది. మీవాడు కనబడట్లేదేమ్మా అని ఆవిడ అడిగితే, వర్క్ ఫ్రమ్ హోమ్ అండి, రాత్రంతా మేలుకుంటాడు పాపం, అనేది అమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం కూడా వినిపించేది. యోగిత ఆ మాట తన చెవులతో ఎన్నిసార్లు విందో. ఎప్పుడూ కాదనలేదు. ఆ అబద్ధం వీధంతా తిరిగి, నిజమై, ఈ బల్లమీదికి వచ్చి కూర్చుంది. పాత బోర్డు చేత 'సంపాదించుకోగలడు' అని రాయించింది తమ్ముడు చెప్పిన స్టేషన్ల పేర్లు కావు. అమ్మ.

పోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని యోగిత ఎన్నడూ అనుకోలేదు.

"అది మా అమ్మ చెప్పింది సార్. పరువు కోసం చెప్పుకుంది. అబద్ధం."

"అదేనమ్మా నేననేది." జీవరాజు పెన్ను కింద పెట్టాడు. "మీ ఇంట్లోవాళ్ళు బయట ఒకటి చెప్పారని మీరే అంటున్నారు. అప్పుడు అవసరానికి ఒకటి చెబితే, ఇప్పుడు అవసరానికి ఇంకొకటి చెప్పరని మేమెలా నమ్మాలి? నా ఉద్దేశం మిమ్మల్ని నొప్పించాలని కాదు. కొడుకుకి మతి లేదని చెప్పి పెన్షన్ అడిగేవాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. బయటికెళ్ళి చూస్తే ఆ కొడుకు ఆటో నడుపుతుంటాడు."

డాక్టర్ షెకీనా యోగిత వైపు చూస్తోంది. ఆ చూపులో ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప.

యోగిత కుర్చీలోంచి లేచింది. లేచినట్టు ఆమెకే తెలియదు.

"నమ్మడానికి ఏం కావాలి సార్ మీకు? వాడు చొక్కా చింపుకోవాలా ఇక్కడ? మీ మీద పడాలా? అలా చేసుంటే పోయినసారే సంతకం పెట్టేసేవారు. మర్యాదగా కూర్చున్నాడు కాబట్టి సంపాదించుకోగలడు. బాగున్నానండి అన్నాడు కాబట్టి సంపాదించుకోగలడు. వాడికి అన్నం పెడితే ఎవరో ఒకరు ఆ పళ్ళెంలోంచి మొదటి ముద్ద తినాలి సార్. విషం లేదని చూపించాలి. జబ్బొచ్చిన దగ్గర్నుంచీ మా అమ్మ తింది. ఇప్పుడు నేను తింటున్నా. నేను డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరకపోతే వాడు సాయంత్రం దాకా పస్తు. ఇది మీ మగపిల్లల్లో ఎవరైనా చేస్తారా?"

"అమ్మా, కూర్చోండి," అంది డాక్టరు.

"కూర్చోను మేడం. చూసింది చెప్పమన్నారుగా. చెబుతా." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "మా అమ్మ పోయేముందు రెండేళ్ళు, వాడు ఆమెని అమ్మా అని పిలవలేదు. ఆంటీ అని పిలిచాడు. అసలు అమ్మని ఎవరో ఎత్తుకెళ్ళిపోయారు, ఆమెలాగే ఉండే ఇంకొకావిడని తెచ్చి పెట్టారు అని వాడి నమ్మకం. ఆంటీ, కాస్త కాఫీ ఇస్తారా అనేవాడు. ఆమె ఇచ్చేది. తన ఇంట్లో, తన కొడుక్కి, ఆంటీ అంటే పలికేది."

సత్యదేవ్ మొహంలో నవ్వు పోయింది.

ఆగిపోవచ్చని యోగితకు తెలుసు. ఇక్కడిదాకా చెప్పింది చాలేమో కూడా. కానీ జీవరాజు పెన్ను ఇంకా బల్లమీదే ఉంది. ఆ పెన్ను చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఒక రోజు, మే నెలలో, ఆమెని వెనక బాల్కనీలో పెట్టి తలుపు గడియ పెట్టేశాడు. పొద్దున్న నేను క్లినిక్‌కి వెళ్ళగానే. నేను సాయంత్రం వచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. అంత ఎండలో. అమ్మ ఎక్కడరా అంటే, ఆవిడ వెళ్ళిపోతే అమ్మ తిరిగొస్తుంది అన్నాడు. తలుపు తీస్తే మూల ఉన్న సన్నటి నీడలో ముడుచుకుని పడుంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నాలుక తిరగట్లేదు. కింద రోడ్డు మీద జనం తిరుగుతున్నారు, ఒక్క కేక వేస్తే పదిమంది వచ్చేవారు. ఆమె వెయ్యలేదు. ఎందుకో తెలుసా సార్? అనసూయమ్మ గారికి వినబడుతుందని. మీ ఎంక్వయిరీలో చెప్పిన అదే ఓనరమ్మకి. ఎండలో చచ్చిపోయినా సరే, కొడుకు కంప్యూటర్ పని చేసుకుంటున్నట్టే ఉండాలి. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకుంది. ఆమె పోయినప్పుడు వాడు కొరివి పెట్టనన్నాడు. ఆవిడెవరో నాకు తెలీదు, నేనెందుకు పెట్టాలి అన్నాడు. మా పెదనాన్న కొడుకు పెట్టాడు. వీడికి జ్వరమని అందరికీ చెప్పాను. నేను కూడా చెప్పాను సార్ అబద్ధం. మీరన్నట్టు అవసరానికి. రాసుకోండి."

కుర్ర డాక్టరు రాయడం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

అప్పుడు సత్యదేవ్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు. తప్పును సరిచేస్తున్నట్టు అన్నాడు.

"ఆవిడ అమ్మ కాదండి."

డాక్టర్ షెకీనా వెంటనే అతని వైపు తిరిగింది. "ఎలా తెలిసింది మీకు?"

"అమ్మ మెట్లెక్కితే చప్పుడు వేరేగా ఉంటుందండి. ఆవిడ చాలావరకు బాగానే చేసేది. కానీ కళ్ళు సరిగ్గా కుదరలేదు."

"తలుపు గడియ ఎందుకు పెట్టారు?"

"వెళ్ళిపోతుందని. ఆవిడక్కూడా ఇల్లు ఉంటుంది కదండీ. నేను కోపంగా చెయ్యలేదు. మంచినీళ్ళ సీసా కూడా పెట్టాను." అతను ఆలోచించాడు. "ఆవిడ తాగలేదు."

కుర్ర డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. డాక్టర్ షెకీనా కూడా రాసింది. జీవరాజు పెన్ను అందుకున్నాడు. మూడు పెన్నులూ ఒకేసారి కదులుతుంటే యోగిత నిలబడి చూసింది. ఇన్ని నెలలు కదలని పెన్నులు. జబ్బు కాగితాలు చూసి కదల్లేదు, డాక్టర్లు రాసిన చీటీలు చూసి కదల్లేదు, మందుల బిల్లులు చూసి కదల్లేదు. అమ్మ దాచుకున్న ఆఖరి సిగ్గు తీసి బల్లమీద పరిస్తే కదిలాయి.

"ఈ సంగతి ఆయనకి మందులిచ్చే డాక్టరుకి చెప్పారా?" డాక్టర్ షెకీనా తలెత్తకుండా అడిగింది.

"లేదు."

"చెప్పుంటే మందు మార్చేవారమ్మా. దీనికి వేరే వైద్యం చూడాల్సి ఉంటుంది. ఎప్పుడో చూడాల్సింది."

యోగిత కుర్చీలో కూర్చుంది. ఒట్టు పెట్టించుకున్న మనిషి లేదు. ఒట్టు వేసిన మనిషి ఉంది.

"ఒక్క ప్రశ్న," డాక్టరు సత్యదేవ్ వైపు వంగింది. "ఇప్పుడు మీరు ఎవరితో ఉంటున్నారు?"

"మా అక్కతో అండి. యోగిత."

"మీకు అన్నం పెట్టేదీ, మందులిచ్చేదీ ఆవిడేనా?"

"అవునండి. మా అక్క చాలా మంచిదండి."

"సరే." డాక్టరు యోగిత వైపు చెయ్యి చూపించింది. "మరి ఈవిడ?"

సత్యదేవ్ తల తిప్పి యోగితను చూశాడు. ముందు ఆమె మొహం చూశాడు, తర్వాత చేతులు, తర్వాత మళ్ళీ మొహం. కిటికీలోంచి రోడ్డును చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే.

"తెలీదండి," అన్నాడు. "మా అక్క అయితే నా గురించి ఇలా చెప్పదు."



డాక్టర్ షెకీనా కాగితాలు సర్దింది. ఇంతకుముందుకన్నా మెల్లగా మాట్లాడింది. "పాత బోర్డు అభిప్రాయాన్ని మేం తోసిపుచ్చుతున్నాం. సొంతంగా సంపాదించుకోలేడని రాస్తున్నాను. ఆర్డరు పోస్టులో వస్తుంది. ఈలోపు ఆయన్ని నా ఓపీకి తీసుకురండి. ఆలస్యం చెయ్యొద్దు. ఇవాళ ఇంటికి వెళ్ళడం ఇబ్బంది అనిపిస్తే ఆయన్ని ఉంచుకోమని కింద వార్డులో మాట్లాడతాను."

జీవరాజు లేచి నిలబడ్డాడు. అతని మొహంలో నిజంగానే ఏదో బాధ ఉంది. "మొత్తానికి మీకు న్యాయం జరిగిందమ్మా," అన్నాడు.

"న్యాయమా?" యోగిత అతని మొహంలోకి చూసింది. "మా అమ్మని ఎండలో పడుకోబెట్టి చూపిస్తేగానీ మీకు కనబడలేదు. రేపు ఇంకొకరు వస్తారు సార్. వాళ్ళింట్లో గడియ పెట్టినవాళ్ళు ఎవరూ ఉండకపోవచ్చు. నెమ్మదిగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాగున్నానండి అంటారు. వాళ్ళనేం చేస్తారు?"

ఆమె జవాబు కోసం ఆగింది. నిజంగానే ఆగింది. జీవరాజు బల్లమీది ఫైలు దారం కట్టుకోవడంలో పడ్డాడు.

వరండాలోకి వచ్చేసరికి సత్యదేవ్ ముందే వెళ్ళి పర్వతాలు పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. యోగిత దగ్గరికి వెళ్ళి, "పద సత్యా, ఆటోలో వెళ్దాం," అంది. చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విదిలించలేదు. కొత్తవాళ్ళు తాకితే మర్యాదస్తులు ఎలా తీసుకుంటారో అలా తీసుకున్నాడు.

"మీరు వెళ్ళండి. మా అక్క వస్తుంది," అన్నాడు.

"నేనేరా అక్కని."

అతను పర్వతాలు వైపు జరిగి కూర్చున్నాడు.

పర్వతాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తలుపు సందులోంచి కొంత విన్నట్టే ఉంది. "జెర దూరం నిలవడమ్మా," అన్నాడు యోగితతో లోగొంతుకతో. "నేను సుత ఇసుంటోళ్ళను శానమందిని జూసిన. గిప్పుడు బలిమి జేస్తే ఇంకింత బెదురుతడు. నేను మాట్లాడ్త."

ఆమె వరండా చివర మెట్ల మలుపు దాకా వెళ్ళి నిలబడింది. అక్కడినుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"అన్నా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? మా అక్కకి చెయ్యాలి," అన్నాడు సత్యదేవ్.

"నంబరు యాదికున్నదా?"

అతను పదంకెలూ తడుముకోకుండా చెప్పాడు. పర్వతాలు నొక్కి, ఒకసారి మెట్ల వైపు చూసి, ఫోను అతని చేతికిచ్చాడు.

యోగిత హ్యాండ్‌బ్యాగులో ఫోను మోగింది.

ఆమె గభాల్న రెండు మెట్లు దిగి గోడ వెనక్కి వెళ్ళింది. బ్యాగులో చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఫోను దొరకలేదు. మందుల అట్టలు, అన్నం డబ్బా, కాగితాల కవరు. పిచ్చి కోపంతో బ్యాగు మొత్తం మెట్టుమీద బోర్లించింది. ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా," అన్నాడు సత్యదేవ్. ఆ గొంతులో అనుమానం లేదు. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర పిలిచిన గొంతు.

"చెప్పు సత్యా."

"ఎక్కడున్నావు?"

ఆమె గోడకు చెయ్యి ఆనించింది. "ఎందుకూ?"

"ఇక్కడ ఒకావిడ వచ్చింది. నీ చీరే కట్టుకుంది. అచ్చం నీలాగే ఉంది. అందరి ముందూ అమ్మ గురించీ నా గురించీ చెప్పేసింది. అమ్మని మార్చినవాళ్ళు నిన్ను కూడా మార్చేశారేమోనని భయమేసింది. నువ్వు బాగానే ఉన్నావు కదా?"

"బాగానే ఉన్నా."

"నిన్నేం చెయ్యలేదు కదా వాళ్ళు?"

"లేదురా. నన్నెవరూ ఏం చెయ్యలేదు."

"అయితే వచ్చి తీసుకెళ్ళు. నేను ఆవిడతో రాను. ఆవిడ పెడితే తినను కూడా."

ఆమె కళ్ళు మూసుకుంది. గొంతును గుర్తుపడుతున్నాడు. మొహాన్నే గుర్తుపట్టట్లేదు. ఫోను చెవి దగ్గరున్నంతసేపూ ఆమె అతనికి అక్క. అవతలికి వెళ్ళి ఎదురుగా నిలబడితే కాదు.

"వస్తున్నా. నువ్వు అక్కడే కూర్చో. ఆ అన్న పక్కనే కూర్చో. కదలకు."

"ఇక్కడొద్దక్కా. ఆవిడ మెట్ల దగ్గరే ఉంది, మళ్ళీ వస్తుంది. నేను బస్టాప్ దగ్గరికి వెళ్తాను. నువ్వు అక్కడికొచ్చెయ్."

"సత్యా, వద్దు. నా మాట విను..."

లైను తెగిపోయింది.

ఆమె మెట్టుమీద పడినవన్నీ అక్కడే వదిలేసి పైకి పరుగెత్తింది. బెంచీ దగ్గర పర్వతాలు ఒక్కడే ఉన్నాడు, ఫోను చేతిలో పట్టుకుని. "అటు మెట్ల కెల్లి దిగిండమ్మా. నేను ఆపుతుంటె సుత ఆగలే," అన్నాడు, వరండా అవతలి కొస చూపిస్తూ.

ఆమె పిట్టగోడ మీంచి కిందికి చూసింది. ఆవరణలో అంబులెన్సుల మధ్యనుంచి నీలం చొక్కా గేటు వైపు నడుస్తోంది. తొందరేం లేదు. నమ్మకమైన మనిషి వస్తోందని తెలిసినవాడి నడక. గేటు అవతల రోడ్డు నిండా బస్సులు, ఆటోలు. బస్టాపు రోడ్డుకు ఆవలి వైపు.

పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలిస్తే వెనక్కి చూస్తాడు. చూస్తే కనబడేది తన మొహం. చేతిలో ఫోను ఉంది, ఈ గొంతును అతని చెవిలో పెట్టడానికి అతని దగ్గర ఫోను లేదు.

యోగిత పిలవకుండానే మెట్లు దిగింది. ఆవరణ సగం దాటింది. ముందు నడుస్తున్న అతని భుజాలు దగ్గరవుతున్నాయి, ఇంకొంచెం ఉంటే చెయ్యి అందుతుంది. సత్యదేవ్ గేటు దాటి, రోడ్డు అంచున ఒక కాలు కింద పెట్టి, అక్క ఏ వైపునుంచి వస్తుందోనని కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు.

తర్వాత వెనక్కి తిరిగాడు.